ఆగవలసిన పదిహేను నిమిషాలు

పదిహేను నిమిషాలు ఆగి చూడవలసిన పరీక్ష కార్డును ఐదు నిమిషాలు కాకముందే చూశారు. చూసి, మా ఇంటామెకు కరోనా లేదని చీటీ రాసి చేతిలో పెట్టారు. ఆ చీటీ కొంగున ముడేసుకుని ఆమె కోదాడలో ఉన్న తన అక్క దగ్గరికి పోయింది. పదహారో రోజున అక్క చనిపోయింది. దవాఖాన రిజిస్టరులో మాత్రం ఆ కార్డును సరిగ్గా పదిహేను నిమిషాలకు చూసినట్టు రాసి ఉంది. అది అబద్ధం.

ఈ మాట నాలుగేళ్లకు పైగా చెబుతూనే ఉన్నాను. విన్నవాళ్లలో సగం మంది, ముసలాయనకు పని లేదు, కాగితాలు పట్టుకుని తిరుగుతున్నాడన్నారు. మిగతా సగం మంది, కరోనాలో ఎంతమంది పోలేదు, నీ వదిన ఒక్కతేనా అన్నారు. ఎంతమంది పోయినా ఎవరి చావు వారిదే. అందరూ పోయారు కాబట్టి ఎవరూ అడగకూడదనే న్యాయం ఎక్కడిదో నాకు తెలియదు.

నేను ఐదో తరగతి దాటలేదు. మిర్యాలగూడ రైసుమిల్లులో నలభై ఏళ్లు పనిచేశాను. బస్తాల మీది అచ్చులు, లారీ బిల్లులు, పొట్లాలకు చుట్టిన పాత పేపర్లు, ఇవే నా బడి. ఇంగ్లీషు అక్షరాలు కూడా మిషన్ల మీది రేకు ముక్కల నుంచే నేర్చుకున్నాను. మిల్లులో నా పని, ట్రాక్టరు మీద వచ్చిన వడ్లలో తేమ ఎంతుందో చెప్పడం. మొదట్లో మిషన్లు లేవు. గింజ పంటి కింద పెట్టి కొరికితే వచ్చే చప్పుడును బట్టి చెప్పేవాణ్ణి. తర్వాత చేతిలో పట్టేంత తేమ మిషను వచ్చింది. గిన్నెలో వడ్లు పోసి మూత బిగిస్తే అంకె చూపిస్తుంది.

ఆ మిషనుకు ఒక గుణం ఉంది. ఎండలో కాగిన వడ్లు అట్లాగే పోస్తే తప్పు అంకె చూపిస్తుంది. నీడన పలుచగా పోసి చల్లారనివ్వాలి. మిషనుతో వచ్చిన కాగితం చదివి, రెండు మూడుసార్లు మోసపోయి ఇది నేర్చుకున్నాను. రైతులు తొందరపెట్టేవాళ్లు. ట్రాక్టరు కిరాయిదనేవాళ్లు, మబ్బు పట్టిందనేవాళ్లు. మిల్లు యజమాని కూడా లోపలి నుంచి కేకేసేవాడు. నేను కదిలేవాణ్ణి కాదు. "జర ఆగు. దానికి టైమిస్తెనే నిజం చెప్తది" అనేవాణ్ణి. మిల్లంతా నన్ను ఆ మాటతోనే వెక్కిరించేది. టీ ఇంకా మరగలేదంటే కూడా, జర ఆగు, టైమిస్తెనే నిజం చెప్తదని నవ్వేవాళ్లు.

కొలువు మానేశాక నేరేడుచర్ల దగ్గర మా సొంత ఊరికి వచ్చేశాం. కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలం అది. ఇంకా లాక్‌డౌన్ పెట్టలేదు. కోదాడలో మా వదిన, అంటే మా ఇంటామెకు తోడబుట్టిన అక్క, బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషను చేసి రాడ్డు వేశారు. ఆమె కొడుకు మోటారు వైండింగు షాపు నడుపుతాడు. అతని భార్య కాన్పుకు పుట్టింటికి పోయి ఉంది. మంచంలో ఉన్న మనిషిని లేపి కూర్చోబెట్టడానికి ఆడదిక్కు లేదు. మా ఇంటామె పోవాలి.

పోయే ముందు రోజు ఆమెకు గొంతు గరగర, ఒళ్లు నొప్పులు. ఎండదెబ్బ అన్నాను నేను. ఆమె ఒప్పుకోలేదు. "అక్కకు ఆయాసం ఉన్నది. సూపిచ్చుకోకుంట పోను" అంది. పరీక్ష చేయించుకోవాలన్నది ఆమె మాట. ఎవరూ పంపలేదు, ఎవరూ బలవంతం చేయలేదు. ఇది చదివేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి.

మర్నాడు బయలుదేరి, ముందు మాకు దగ్గర్లోని ఒక దవాఖానకు పోయాం. ఏ ఊరిదో రాయను, కారణం తర్వాత తెలుస్తుంది. రేకుల షెడ్డు కింద బల్ల, బల్ల మీద వరుసగా కార్డులు, ఒక్కో కార్డు మీద మార్కరుతో నంబరు. ప్లాస్టిక్ సూటు తొడుక్కున్న ఒక్క అమ్మాయే ముక్కులో పుల్ల పెట్టాలి, ఆ పుల్లను మందునీళ్లలో తిప్పాలి, కార్డు మీద చుక్కలు వేయాలి, ఫలితం చూడాలి, చీటీ రాయాలి. గ్లౌజుల్లో చెమట నీళ్లలా నిలిచి ఉంది. రేకుల నీడ పదిమందికి కూడా చాలదు. లైను గేటు దాటి రోడ్డు మీదికి ఉంది, ఎండలో. చుక్కలు వేసింది మొదలు చీటీ చేతికి వచ్చేదాకా ఐదు నిమిషాలు నిండలేదు. చేతికి గడియారం ఉంది, చూసుకున్నాను. ఎందుకు చూసుకున్నానో కూడా తర్వాత చెబుతాను.

కోదాడ పోయిన మూడో రోజు మా ఇంటామెకు జ్వరం వచ్చింది. అక్కడ మళ్లీ పరీక్ష చేయిస్తే ఈసారి కరోనా ఉందని రెండో గీత ఎర్రగా తేలింది. ఆ మూడు రోజులూ ఆమె అక్కను ఎత్తింది, దించింది, తల దువ్వింది, నోటికి ముద్ద అందించింది. తర్వాత వారంలోనే వదినకు ఊపిరి ఆడలేదు. సూర్యాపేట తీసుకుపోయారు, ఆక్సిజన్ పెట్టారు, దక్కలేదు. మా ఇంటామె అప్పుడు కోదాడలో ఒక గదిలో తలుపేసుకుని ఉంది. అక్క ముఖం చివరిసారి చూడలేదు.

సంవత్సరీకానికి మేమిద్దరం కోదాడ పోయాం. వదిన కొడుకు గడప దగ్గరే నిలబడ్డాడు. తాగినవాడు కాదు, నోరు పారేసుకునేవాడు అసలే కాదు. మెల్లగానే అన్నాడు.

"నీకు ముందే తెలుసు పిన్నీ. జ్వరం దాచుకుని వచ్చావు. ఒక్క మాట చెప్తే నేనే వద్దనేవాణ్ణి గదా."

నేను చీటీ సంగతి చెప్పబోయాను. మా ఇంటామె నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. గడప తొక్కకుండానే తిరిగి బస్టాండుకు వచ్చాం.

ఆ తర్వాత ఆమె కోదాడ పోలేదు. అంతకన్నా కష్టమైనది ఇంకొకటి మొదలైంది. దగ్గు వస్తే నలుగురిలో దగ్గదు. లేచి ఇంటి వెనక్కి పోయి గోడ వైపు తిరిగి దగ్గి వస్తుంది. ఊళ్లో అందరూ మాస్కులు తీసేసి ఏళ్లయింది, ఆమె తీయదు. తుమ్ము వచ్చిందంటే ఆ పూట కంచం వేరే పెట్టుకుంటుంది. ఎవరైనా పసిపిల్లను తెచ్చి ఒళ్లో పెట్టబోతే, చేతులు తడిగా ఉన్నాయని తప్పించుకుంటుంది. ఏ కోర్టూ వేయని శిక్షను ఆమె తనకు తానే వేసుకుంది. నేను చూస్తూ ఊరుకోవాలా?

మందుల షాపులో ఇంట్లో కరోనా పరీక్ష చేసుకునే కిట్టు అమ్ముతారు. ఒకటి తెచ్చి, దానిలోని కాగితాన్ని డిక్షనరీ పెట్టుకుని రెండు రోజులు చదివాను. చదివితే గుండె మండింది. అది ఎంత తెలివైన వస్తువో, ఎంత సులువుగా పాడుచేశారో అర్థమైంది. ఆ కార్డులో ఉండేది ఒక కాగితపు పట్టీ. ఒక చివర చుక్కలు వేస్తే, మట్టిగోడకు చెమ్మ ఎక్కినట్టు తడి మెల్లగా పాకుతుంది. దారిలో రంగు రేణువులు ఉంటాయి. మనిషి ముక్కులో వైరసు ఉంటే దాని తునక ఆ రేణువుకు అంటుకుంటుంది. జంటగా ముందుకు పోయి, గీత ఉండవలసిన చోట చిక్కుకుంటుంది. అట్లా చిక్కినవి ఎన్నో పోగైతే తప్ప మన కంటికి గీత కనబడదు. వైరసు ఎక్కువుంటే వెంటనే తేలుతుంది. రోగం మొదట్లో తక్కువుంటే సమయం పడుతుంది. అందుకే పదిహేను నిమిషాల లోపు లేదని చెప్పకూడదని అచ్చులో రాసి ఉంది. ఒంట్లో బాగాలేని మనిషికి ఈ కార్డు లేదని చూపినా నమ్మకుండా ల్యాబులో చేసే పెద్ద పరీక్షకు పంపాలని ఆ రోజుల్లో పేపర్లలోనే వచ్చింది. కార్డు అబద్ధం చెప్పలేదు. నిజం చెప్పేదాకా దాన్ని ఉండనివ్వలేదు.

ఆ కాగితం తీసుకుని ఒక్కణ్ణే కోదాడ పోయాను. వదిన కొడుకు వైండింగు తీగ చుడుతూనే అంతా విన్నాడు. కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. చివరికి అతను అడిగింది న్యాయమైన ప్రశ్న. కిట్టు మీద ఏముందో సరే, ఆ రోజు ఎన్ని నిమిషాలకు చూశారో రాసి ఉంటుంది కదా, అది తెమ్మన్నాడు.

సూర్యాపేటలో జిల్లా వైద్యాధికారి ఆఫీసుకు పోయి సమాచార హక్కు కింద అర్జీ పెట్టాను. మొదటి అర్జీకి జవాబు లేదు. రెండోదానికి, ఏ రోజో స్పష్టంగా లేదని తిప్పి పంపారు. మూడోదానికి రిజిస్టరు పేజీ జిరాక్సు వచ్చింది. ఒక గడిలో చుక్కలు వేసిన సమయం, పక్క గడిలో చూసిన సమయం. పై నుంచి కింది దాకా ప్రతి మనిషికీ పదిహేను నిమిషాలే తేడా. ఒకరికి పద్నాలుగు లేదు, ఒకరికి పదహారు లేదు. మా ఇంటామెకు కూడా పదిహేనే. నలభై ఏళ్లు మిల్లులో తేమ లెక్కల పట్టీలు చూసినవాణ్ణి. పది ట్రాక్టర్ల వడ్లకు ఒకే తేమ రాసి ఉంటే, రాసినవాడు మూత తెరవనే లేదని నాకు తెలుసు.

ఆ జిరాక్సు పట్టుకుని మళ్లీ సూర్యాపేట పోయి, అక్కడి పెద్దగుమాస్తాకు చూపించాను. ఒక్కతే మనిషి, అంత లైను, ఇంత సరిగ్గా ఎట్లా చూసిందో చెప్పమన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి నన్ను పైకీ కిందికీ చూశాడు.

"రిజిస్టర్ల పదిహేనని ఉన్నది. నీక్కావలసింది గదే గద పెద్దాయనా. ఇంకెందుకు పరేషాన్? పోయినామె తిరిగి రాదు."

"రాదు," అన్నాను. "బతికున్నామె కోసం అడుగుతున్న."

ఆయన ఫైలు కట్టేశాడు. ఆ పేజీ కోదాడలో చూపిస్తే ఏమవుతుందో నాకు తెలుసు, అయినా చూపించాను. ఒకటి దాచి ఒకటి చూపించే అలవాటు లేదు. వదిన కొడుకు గళ్లన్నీ వేలు పెట్టి చదివాడు. "దీంట్లో పిన్నిది కూడా సరిగ్గానే ఉంది బాబాయ్. ఇది తప్పని ఎవరు చెప్పాలి? చూసినవాళ్లే చెప్పాలి," అన్నాడు. నేను తెచ్చిన సాక్ష్యం మా ఇంటామె మీదికే తిరిగింది.

చూసినవాళ్లంటే ఆ అమ్మాయి. ఆమెది కాంట్రాక్టు కొలువు. కరోనా అయిపోగానే తీసేశారు. ఎక్కడికి పోయిందని దవాఖానలో అడిగితే, తెలిసినవాళ్లు చెప్పలేదు, చెప్పినవాళ్లకు తెలియదు. అట్లా రెండేళ్లు గడిచాయి.

పోయిన చలికాలంలో నాకు దగ్గు పట్టుకుని వదలలేదు. సూర్యాపేటలో ఒక దవాఖానకు పోయాను. అక్కడ పరీక్ష గదిలో టిఫిను డబ్బా అంత పెట్టె ఉంది. ముక్కులో పుల్ల అదే, చుక్కలు అవే, కానీ కార్డును ఆ పెట్టెలోకి తోసి మూసేసింది అక్కడి అమ్మాయి. అద్దం మీద అంకెలు వెనక్కి లెక్కపెడుతున్నాయి. మూడు రకాల జ్వరాలు ఒక్క కార్డులోనే తెలుస్తాయంది. మనిషి కంటికి అందనంత సన్నగీతను కూడా లోపలి దీపం పట్టుకుంటుందట.

ఎంతసేపమ్మా, మధ్యలో తీసి చూడొచ్చా అని అడిగాను.

"అది చెప్పదు తాతా. టైం అయ్యేదాక కలెక్టరొచ్చి అడిగినా చెప్పదు," అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఆ అంకెలు దిగుతుంటే కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండిపోయాను. కోపం వచ్చింది. మనిషి ఆగడని తెలుసుకుని, ఆ ఆగే పనిని పెట్టెలో బిగించారు. మంచిదే. మరి అంతకుముందు పోయినవాళ్లకు ఎవరు జవాబు చెప్పాలి? దగ్గుతూనే ఆ అమ్మాయికి సంగతంతా చెప్పాను. నాకేమీ లేదని పెట్టె చెప్పేలోపే, నేను చెప్పింది వింటూ ఆమె నవ్వడం మానేసింది. ఆ రోజుల్లో ఆ రేకుల షెడ్డు కింద పరీక్షలు చేసిన అమ్మాయి తనకు ట్రైనింగులో తోటిదని, ఇప్పుడు వేరే చోట ల్యాబులో పనిచేస్తోందని చెప్పింది. ఫోన్ నంబరు ఇవ్వలేదు. ఉత్తరం రాసి ఇస్తే చేరుస్తానంది.

ఆ ఉత్తరం రాయడానికి కూర్చున్నప్పుడు, ఏ అర్జీలోనూ రాయని ముక్క ఒకటి రాయక తప్పలేదు. ఇక్కడా రాస్తున్నాను.

ఆ రోజు గేటు దగ్గర హుజూర్‌నగర్ పోయే షేర్ ఆటో ఆగి ఉంది. ఆ రోజుల్లో ఆటో దొరకడమే గగనం. అక్కడ దిగి కోదాడ బస్సు పట్టుకోవాలి. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. నేను గడియారం చూసుకుని, బల్ల మీదికి వంగి, నంబరు వెతికి కార్డు చూశాను. ఒకటే గీత. గింజ కొరికి తేమ చెప్పినవాడి పొగరు ఎక్కడికి పోతుంది? "ఒక్కటే గీత ఉన్నది గద బిడ్డా. వచ్చేదైతే ఈపాటికి వస్తుండె. చీటీ రాసియ్యి, ఆటో పోతది," అన్నాను. అని, ఆటోను ఆపడానికి గేటు దగ్గరికి పోయాను. వెనక ఏం జరిగిందో చూడలేదు. రెండు నిమిషాల్లో మా ఇంటామె చీటీతో వచ్చి ఆటో ఎక్కింది.

నలభై ఏళ్లు రైతులందరినీ ఆగమన్నవాణ్ణి. ఆ ఒక్క రోజు నేను ఆగలేదు. నేను తొందరపెట్టినంత మాత్రాన ఆ అమ్మాయి చూడవచ్చా అంటే, చూడకూడదు. ఆగమని నన్ను కసరవలసింది. రిజిస్టరులో పదిహేనని రాయడం మాత్రం ఎవరు తొందరపెట్టినా చేయకూడని పని. ఈ రెండు మాటల మీద నేను ఇప్పటికీ నిలబడతాను. కానీ మూడో మాట కూడా ఉందని ఉత్తరంలో ఒప్పుకున్నాను. నీ మీద కేసు లేదు, అర్జీ లేదు, ఎన్ని నిమిషాలకు చూశావో ఒక్క ముక్క రాసివ్వు, మా ఇంటామె రోగం దాచలేదని కోదాడ వాళ్లకు చూపించుకుంటానని రాశాను.

రెండు నెలలకు జవాబు వచ్చింది. జిరాక్సు తీయించి కోదాడకు పంపాను. అక్కడి నుంచి ఇంకా ఏమీ రాలేదు. దీన్ని అచ్చులో పెట్టవచ్చా అని ఆ అమ్మాయిని అడిగించాను. ఊరూ పేరూ లేకుండా పెట్టుకోమంది. అసలు ఉత్తరం మా ఇంటామె చేతికిచ్చాను. ఆమెకు చదువు రాదు, నేనే చదివి వినిపించాలి. గడప మీద కూర్చుని మాస్కు సర్దుకుంది. చదువుతుంటే ఒకచోట ఆగాను. "సదువు," అంది. చదివాను.

"తాతా, మీ ఉత్తరం చదివి బీరువాల పెట్టిన. మళ్ల తీసి చదివిన. జవాబు రాయనీకి ఇన్ని రోజులైంది, ఏమనుకోకండి. చుక్కలేసి ఐదు నిమిషాలు గూడ కాలేదు. పదిహేనని రిజిస్టర్ల రాసింది నేనే. ఎవ్వరు రాయమనలేదు. అట్లనే ఉండాలె గద అని సాయంత్రం కూసోని అందరికి ఒక్కతీరుగ రాసిన. కార్డులు పారేసేటప్పుడు ఆమె నంబరు మీద సన్నగ గీత కనపడ్డది. శానసేపైనంక వచ్చిన గీత లెక్కకు రాదని ట్రైనింగుల చెప్పిండ్రు, గందుకే ఊకున్న. ఫోన్ నంబరు ఉండె. చేయలే. ఎంతమందికి చేసిన్నో గని మీ ఇంటామె ఒక్కతి నాకు యాదికున్నది. మీరు ఆటో కాడికి పోయినంక ఆమె బల్ల కాడనే నిలబడ్డది. పదిహేను నిమిషాలు ఆగాల్నట గద బిడ్డా, మా అక్కకు ఆయాసం, నేను గీడ కూసుంట, ఆటో పోతె పోనియ్యి అన్నది. ఎనక లైను ఎండల ఉన్నది, అందరు లొల్లి చేస్తున్నరు. మీ ఆయన చూసిండు గదమ్మా, ఏం లేదు, పో అన్న నేను. చీటీ చేతుల పెట్టిన. ఆమె ఏం దాచలేదు తాతా. కూసుంట అన్న మనిషిని పొమ్మన్నది మనమిద్దరమే."